మూడు దెబ్బలు, ఆగి ఒకటి

మాసాన్ రేవులో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రిలో పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆరుగురు ముసలాళ్ళు బల్ల మీద వరుసగా కూర్చుని నీళ్ళు తాగుతుంటారు. ప్రోస్టేట్ గ్రంథికి కిరణాలు పెట్టాలంటే మూత్రాశయం నిండుగా ఉండాలి. లేకపోతే పక్కనున్న మంచి కండ కూడా కాలుతుంది. అందుకని ఉక్కు గిన్నెలతో నీళ్ళు తాగి, అరగంట బిగబట్టుకుని, ఎవడు ముందు లేచి పరిగెడతాడా అని ఒకరినొకరు ఓరగా చూసుకుంటారు.

"ముప్పయ్యేళ్ళు బస్సు తోలాను. ఆపుకోవడం నాకు చెప్పకండి," అంటాడు బాంగ్.

"నిన్న నీ ప్యాంటు వేరే కథ చెప్పిందన్నా," అంటాడు పక్కవాడు.

ఆ ఆసుపత్రిలో ప్రతి రోగి గ్రంథిలోంచీ చిన్న ముక్క తీసి, కింది అంతస్తులో గాజు పళ్ళెంలో పెంచుతారు. ఒంట్లో జరిగేదంతా పళ్ళెంలో కనబడుతుంది. మనిషి అలవాటే కణాలకీ ఉంటుంది. బాంగ్ కణాలు స్టాపులో బస్సులాగా పన్నెండు నిమిషాలకోసారి ఆగి, మళ్ళీ కదులుతాయి. చేపలమ్మినవాడివి కోడి కూయకముందే లేస్తాయి. డాక్టర్లు అది కూడా రాసుకుని కిరణాల వేళ నిర్ణయిస్తారు.

ప్యో గిల్సుకి కిరణాలు మొదలై ఇరవై రోజులు గడిచాయి. ఇతను ఓడల కార్ఖానాలో వెల్డరు, పాత సమ్మె వీరుడు. ఏటా సభలో కుర్రవాళ్ళకి ఒకటే పాఠం చెప్పేవాడు: దెబ్బ పడినప్పుడు చచ్చినట్టు పడుకో, వాళ్ళు పోయాక లే. జనం చప్పట్లు కొట్టేవారు. అదే కార్ఖానాలో పనిచేసిన నేనూ కొట్టాను.

పళ్ళేలు చూసే తక్ మిరాన్ ఆ రోజు మెట్లెక్కి బల్ల దగ్గరికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి ఆమెకి.

"మీవి చావడం లేదు బాబాయ్. కిరణం కణం లోపలి పోగుని తెంపుతోంది. తెగిన పోగుతో ఒకటి రెండు కాబోతే చస్తుంది. మీవి ఆ పని చెయ్యడం లేదు. కదలకుండా పడుకుని, పోగు ముడేసుకుని, అప్పుడు లేస్తున్నాయి."

"గట్టి పిండాలు," అని గిల్సు నవ్వాడు. "నా పాఠం విన్నాయి."

"విన్నాయి. ఇలాగే వింటే చలికాలానికి ఎముకల్లోకి పోతాయి."

నవ్వు ఆగింది. ఏం చెయ్యాలని అడిగాడు.

"ముడి పడకముందే వాటిని లేపాలి. మీ చేత్తో. మూడు దెబ్బలు, ఆగి ఒకటి."

బల్ల మీద మిగతావాళ్ళు గిన్నెలు దించారు. ఆ సంకేతం మాసాన్‌లో అందరికీ తెలుసు. ఓడ అడుగునున్న ఇనప గదిలో వెల్డర్లు పని చేస్తుంటే, విషవాయువు పోయిందని, ఇక భయం లేదని, బయటున్నవాడు సుత్తితో రేకు మీద అలా కొట్టాలి. తాగుబోతులు కూడా దాన్ని ఆటకి కొట్టరు.

ఎనభై తొమ్మిది సమ్మెలో పదిహేడు మంది ఆ గదిలో దాక్కున్నారు. బయట గిల్సు కొట్టిన దెబ్బలు వినబడ్డాయి. బయటికొచ్చారు. గది మూత చుట్టూ పోలీసులు నిలబడి ఉన్నారు.

"పోలీసులు తర్వాత వచ్చారమ్మా. ప్రతి సభలో చెప్పాను."

"ఆ గదిలోంచి బయటికొచ్చిన మా నాన్న కూడా అదే చెప్పాడు. పోలీసు దెబ్బలకి నడుం విరిగి పదకొండేళ్ళు మంచంలో ఉన్నాడు. గిల్సు చెయ్యి అబద్ధం కొట్టదని చెబుతూనే పోయాడు."

గిల్సు గిన్నెలోకి చూశాడు. "మూడు రోజులు కొట్టారు నన్ను," అన్నాడు.

"నేను అడగలేదు బాబాయ్."

మూడు రోజులు కాదు. రెండు చెంపదెబ్బలు. ఆ పైన, మేస్త్రీ పని నీకేనన్న ఒక మాట. ఆ మాటకే అతను ఆ రోజు రేకు మీద కొట్టాడు. అంతే. ఇన్నేళ్ళూ మేము చప్పట్లు కొట్టింది దానికి.

ఆమె అతని గిన్నెలో మిగిలిన నీళ్ళు పారబోసి, బోర్లించి, జేబులోంచి చెంచా తీసి అతని చేతికిచ్చింది. బతకాలనుంది అతనికి. ఆ రోజూ అంతే, బతకాలనిపించింది. కొట్టాడు. మూడు. ఆగి, ఒకటి. మణికట్టు మూడో దెబ్బకి కొంచెం బరువుగా పడింది, పాతరోజుల్లో లాగే.

ఆ తర్వాత మిగిలిన పద్దెనిమిది రోజులూ అలాగే చేశాడు. రోజూ కిరణం పడగానే కొట్టేవాడు. చివరి రోజు మిరాన్ వచ్చి పళ్ళెం ఖాళీ అయిందని చెప్పింది.

"ఒక్కటైనా పడుకుని ఉండిపోలేదా?"

"లేదు. అన్నీ నమ్మి లేచాయి."

జబ్బు పోయింది. బాంగ్ భుజం తట్టి, అదృష్టమంటే నీదేనన్నా అన్నాడు.

మర్నాడు పొద్దున ఇంట్లో లేవబోతే గిల్సు కాళ్ళు లేవలేదు. ఎముక బాగుంది, నరం బాగుంది, నొప్పి కూడా లేదు. డాక్టర్లు నెల రోజులు వెతికి వదిలేశారు. మిరాన్ ఆదివారం ఆదివారం వచ్చి నీళ్ళు తాగిస్తుంది, వాళ్ళ నాన్నకి తాగించినట్టే. ఉక్కు గిన్నె మంచం పక్కనే వదిలి వెళుతుంది.

ఆమె వెళ్ళాక అతను చెంచా అందుకుంటాడు. మూడు దెబ్బలు. ఆగి ఒకటి.

దుప్పటి కింద కాళ్ళు వింటాయి. విని, అతను నేర్పిన పాఠమే పాటిస్తూ, చచ్చినట్టు పడుకుని ఉంటాయి.