తనిఖీ సంచులు

మా ఫ్యాక్టరీలో పాత బ్యాటరీలు కరిగించి సీసం తీస్తారు. కొలిమి పొగ చిమ్నీ ఎక్కే ముందు, ఒక గదిలో వేలాడే నూట ఇరవై గుడ్డసంచుల గుండా పోవాలి. సీసం దుమ్ము సంచుల్లో ఆగిపోతుంది, గాలి మాత్రం బయటికి పోతుంది. సంచి చిరిగితే దుమ్ము కూడా పోతుంది. ఇందులో అర్థం కానిదేముంది? అయినా మా మేనేజరుకి మూడేళ్లుగా అర్థం కాలేదు.

ఆ సంచులు బిగించే ఫిట్టర్ని నేనే. కొత్త సంచుల సెట్టు ఒకటి స్టోరులో తాళం వేసి ఉంటుంది. తనిఖీ అధికారి వస్తున్నాడని కబురు రాగానే అవి తెచ్చి బిగిస్తాం. ఆయన చిమ్నీ ఎక్కి, మీటరు పెట్టి, అంతా బాగుందని రాసుకుని వెళ్లగానే విప్పి, దులిపి, మడతపెట్టి మళ్లీ స్టోరుకి పంపేస్తాం. రోజూ పొగ మోసేవి మాత్రం అతుకుల పాతవి. కొత్త బట్టలు పెట్టెలో దాచి చిరుగులతో తిరిగే పిసినారి బతుకు మాది. "మూడేళ్లయినా కొత్తవి కొత్తవిలాగే ఉన్నాయి, చూశారా!" అని మేనేజరు మురిసిపోతాడు. సిగ్గుండాలి. నాకూ ఉండాలి, బిగించిందీ విప్పిందీ ఈ చేతులే కదా.

స్టోరు తాళంచెవి మా బావ దగ్గర ఉంటుంది. మా అక్క మొగుడు. నోట్లో నాలుక లేని మనిషి. మేనేజరు కూర్చోమంటే కూర్చుంటాడు, నిలబడమంటే నిలబడతాడు. వాళ్ల కాపురం ఫ్యాక్టరీ గోడ వెనక క్వార్టర్సులో. అక్క పొద్దున తుడిచిన కిటికీ గట్టు మధ్యాహ్నానికల్లా బూడిదరంగుకి తిరుగుతుంది. వాళ్ల పాపకి నాలుగేళ్లు. ఆరు నెలల కిందటి వరకూ ఇరవై దాకా అంకెలు చెప్పేది. ఇప్పుడు ఆరు దగ్గర ఆగిపోయి వాళ్లమ్మ మొహంలోకి చూస్తోంది. పోయిన వారం రక్తం పరీక్ష చేయించారు.

"రక్తంలో సీసం ఉంది. ఇలాగే సాగితే బుర్ర ఎదగదు. ఆ దుమ్మైనా ఆపండి, ఇల్లైనా మారండి," అంది డాక్టరమ్మ. బావ జీతానికి ఆ ఇల్లే దిక్కు.

ఈ సోమవారం తనిఖీ అయింది. అధికారి మూడింటికి వెళ్లాడు. ఆ వెంటనే మేనేజరు కొలిమి ఆపించి నా దగ్గరికొచ్చాడు.

"ఇంకా చూస్తావేంటి? విప్పెయ్."

"ఈసారి ఉంచేద్దాం సార్. మా పాప సంగతి మీకు తెలుసు కదా."

"ఉంచేస్తే పాడైపోవూ? మళ్లీ తనిఖీకి ఏం పెడతావ్?"

"రోజూ ఇవే ఉంటే మళ్లీ పెట్టడమేంటి సార్?"

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "నీ తెలివితేటలు నీ దగ్గరే ఉంచుకో. ఐదింటికి కొలిమి వెలగాలి," అని వెళ్లిపోయాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టోరుకి వెళ్తే, బావ ఆ సంచుల కోసం అప్పుడే అర ఖాళీ చేస్తున్నాడు.

"బావా, నేను విప్పను. నువ్వూ తీసుకోనని చెప్పు."

"మెల్లగా మాట్లాడరా. ఉద్యోగం పోతే ఎక్కడికి పోతాం?"

"పాప పోతే?"

మాట తూలానని నాకే తెలిసింది. ఆయన మాత్రం అర దులుపుతూనే ఉన్నాడు. కన్నకూతురి రక్తంలో సీసం ఉందని తెలిసి కూడా అర దులుపుతాడేంటి ఈ మనిషి! బల్ల మీదున్న కత్తి తీసుకుని బయటికొచ్చేశాను.

తనిఖీ కోసం విప్పిన పాత సంచులు గది బయట కుప్పగా పడున్నాయి. ఒకటి లాగి అడుగున అడ్డంగా కోశాను. ఇంకోటి. ఇంకోటి. మాస్కు ఉన్నా సీసం దుమ్ము నాలుకకి తియ్యగా తగులుతోంది. పాతిక దాకా అయ్యేసరికి వెనక అడుగుల చప్పుడైంది. బావ. చెయ్యి పట్టుకుని ఆపుతాడనుకున్నాను. ఆపితే కత్తి పారేసి కొట్టేవాణ్ణే, అంత కోపంగా ఉన్నాను.

"అడుగున కొయ్యకు," అన్నాడు. "అడుగు చిరిగితే కుట్టించేస్తారు. మూతి దగ్గర కొయ్యి. మూతి పోతే ఇనపకట్టు పట్టదు, ఇంక దేనికీ పనికిరాదు."

"నీకెలా తెలుసు?"

"మూడేళ్లుగా కుట్టించింది నేనే కదరా."

జేబులోంచి ఇంకో కత్తి తీసి పక్కన కూర్చున్నాడు. నేను అడుగు కోసినవాటికి కూడా మళ్లీ మూతులు కోశాడు. మేనేజరు వచ్చేసరికి కుప్పలో ఒక్క మూతీ మిగల్లేదు.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

నేను నోరు తెరిచేలోగా బావ లేచి నిలబడ్డాడు. "నేనే సార్. కొలిమి వెలిగించుకోండి. పైన బిగించినవి తప్ప ఇంక సంచుల్లేవు."

నేను పొంగిపోవాల్సింది. కానీ ఒళ్లు ఇంకా మండిపోయింది. "మూడేళ్ల నుంచీ ఈ నోరు ఏమైంది బావా?" అని మేనేజరు ముందే అరిచాను.

బావ నా చేతిలోని కత్తి తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. ఆ మూడేళ్లూ సంచులు విప్పిన చేతులు మాత్రం నావే.