కంచెకు చిక్కిన గడ్డి

ముప్పయ్యేళ్లుగా సర్వే గొలుసు లాగుతున్న ఆయన నోరు విప్పడం అరుదు. ఆఫీసులో అందరూ మౌనం బాబాయ్ అంటారు. ఆ రోజు మాత్రం పొద్దున్నుంచీ ఒక మాట చెప్పాలని చూస్తున్నాడు. కొత్త రోడ్డు ఆయన చెల్లెలి పొలానికి దిగువ పల్లంలో, నిలువెత్తు కట్ట మీద పోతోంది. నీళ్లు దాటడానికి నక్షాలో ఒక్క తూమూ లేదు. వానలు పడితే ఎగువ నీళ్లన్నీ కట్టకు ఆగి చెల్లెలి పైరును ముంచేస్తాయి. కాగితాలేమో మధ్యాహ్నానికి పై ఆఫీసుకు వెళ్లాలి.

ఇంజినీరమ్మ కొలిచింది ఎండాకాలంలో. ‘పర్యావరణానికి ఇబ్బంది’ అన్న గడిలో ‘లేదు’ అని గుండ్రంగా రాసేసింది కూడా.

“మేడమ్, ఒక్కసారి పల్లం దాకా రండి.”

“మీరే నోరు తెరిచి పిలిచాక రాకుండా ఉంటానా బాబాయ్!” అని ఆమె బండి తీసింది.

పల్లంలో ముళ్లతీగ కంచెకు ఛాతీ ఎత్తున ఎండుగడ్డి కుచ్చులు కుచ్చులుగా వేలాడుతోంది.

“అబ్బ, ఎన్ని పిట్టగూళ్లో!” అంది ఇంజినీరమ్మ.

కలుపు తీస్తున్న చెల్లెలు పకపకా నవ్వింది. “పిట్టలు కాదు తల్లీ, పోయినేడు వరద చుట్టబెట్టి పోయింది. మా అన్నయ్య చెప్పలేదా? మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయని భయం ఆయనకి!”

ఆయన కొలబద్ద తెచ్చి తీగ పక్కన నిలబెట్టాడు. నాలుగున్నర అడుగులు. ఇంజినీరమ్మ కంచె పొడవునా చూసింది. గడ్డి అంతటా అదే ఎత్తు. గట్టు మీదే కూలబడి ఫైలు తెరిచి ‘లేదు’ను కొట్టేసింది.

ఫోను చేసి చెబితే పై ఆఫీసరు మండిపడ్డాడు. “ఆఖరి నిమిషంలో కొట్టివేతలేంటమ్మా?”

“ఇలాగే పంపితే మొదటి వరదకే కట్ట తెగుతుంది సార్. అప్పుడు సంజాయిషీ మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?”

ఆఫీసరు గొంతు తగ్గించాడు. “సాయంత్రం దాకా ఆగుతా. తూములెన్నో తేల్చుకుని రా.”

బాబాయ్ ముందు నడిచాడు, ఆమె వెనకే తూముకొక మేకు దిగ్గొట్టుకుంటూ వచ్చింది. మూడో చోట ఆగి, “ఇక్కడ చేపలు ఎదురెక్కుతాయి. తూము అడుగు కాస్త కిందికి దించాలి,” అన్నాడు. ఆమె రాసుకుంది.

నాలుగో మేకు దగ్గర చెల్లెలు అడ్డం నిలబడింది. “నా పొలం మూలన ఇంకోటి పెట్టించు అన్నయ్యా.”

“అక్కడ మెరక. నీళ్లు రావు.”

“నువ్వు నాకు అన్నవా, గవర్నమెంటుకా?”

“ఇవాళ్టికి గవర్నమెంటుకే,” అన్నాడాయన.

ఇంజినీరమ్మ నవ్వాపుకుంటూ తూములు నాలుగని రాసుకుంది.