కదలికల పట్టిక

నాది ఎలుకలతో ఉద్యోగం. దిగులు జబ్బుకు మందులు కనిపెట్టే ల్యాబులో ఎలుకను నీళ్ళ జాడీలో ఆరు నిమిషాలు వదులుతాం. ఎంతసేపు ఈదింది, ఎంతసేపు ఊరికే తేలింది అని గడియారం పట్టుకుని రాస్తాను. వారాల తరబడి మేం సతాయించిన ఎలుక తొందరగా ఈత మానేస్తుంది. మందు పడితే మళ్ళీ కాళ్ళాడిస్తుంది. ఎలా ఉన్నావని దాన్ని ఎవరూ అడగరు. పద్నాలుగేళ్ళుగా నాకు ఇదే పని.

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఇంట్లో వాడి పేరు వాగుడుకాయ. లిఫ్టులో ఇరుక్కుని ఏడ్చేవాళ్ళను కూడా పైనుంచి జోకులేసి నవ్వించేవాడు. రెండేళ్ళు వేళాపాళా లేని పిలుపులతో నలిగి, ఒకరోజు పనిముట్ల సంచి గుమ్మంలో పడేసి మంచమెక్కాడు. ఇక లేవలేదు. దిగులు జబ్బేనని డాక్టరమ్మ మాత్రలు రాసింది.

"ఒత్తిడి ఎక్కువ కాలం ఉంటే మెదడులో కణాల కొమ్మలు ఎండిపోతాయి. మళ్ళీ చిగురించడానికి టైము పడుతుంది. ఆరు వారాల్లో గుణం కనిపించకపోతే మందు మారుద్దాం," అంది.

నాకా చెప్పేదని లోపల విసుక్కున్నాను కూడా.

ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టాను. లేచాడా, స్నానం చేశాడా, ఎన్ని గదులు తిరిగాడు. మొదటి నాలుగు వారాలూ సున్నాలే. అయిదో వారం నేను పని నుంచి వచ్చేసరికి తల దువ్వుకుని కూరగాయలు తరుగుతున్నాడు! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వాణ్ణి వెంటబెట్టుకెళ్ళి పట్టిక డాక్టరమ్మ ముందు పెట్టాను. "మీకెలా ఉంది?" అని ఆవిడ వాణ్ణి అడిగింది. వాడు నోరు తెరిచేలోగా, "అన్నీ ఇందులో ఉన్నాయండీ," అన్నాను. అదే మందు నాలుగు నెలలు సాగింది.

ఒకరోజు ల్యాబులో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వాడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పొద్దున నేను వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాడో అలాగే, చొక్కాకు ఒక చెయ్యి మాత్రం తొడుక్కుని. నేను పెట్టి వెళ్ళిన అన్నం మూత తియ్యలేదు.

"అప్పుడే వచ్చేశావేంటక్కా? ఇంకా అయిదు కాలేదుగా," అన్నాడు కంగారుగా లేవబోతూ.

"అయిదింటికేముందిరా?"

ఫోను చూపించాడు. అయిదింటికి అలారం. "నువ్వొచ్చేలోగా తల తడుపుకుని చాకు పట్టుకుంటా. సున్నాలు వేసేటప్పుడు నీ మొహం చూళ్ళేకపోయానక్కా. ఆ అరగంట కోసం రోజంతా ఓపిక కూడబెట్టుకుంటా."

"మరి మందు?"

"మొదట్నుంచీ గుణమేమీ లేదు."

నా మీద నాకే ఒళ్ళు మండింది. వాడి నాలుగు నెలలు నేను బూడిదలో పోశాను. ఏడుస్తూ చొక్కా రెండో చెయ్యి తొడిగాను.

"ఇంక నా కోసం నటించకురా. లేవాలనిపిస్తేనే లే," అన్నాను.

వాడు ఫోనులో అలారం తీసేశాడు.

డాక్టరమ్మ మందు మార్చింది. జరిగిందంతా విని, "ఆ అరగంట నటించడానికైనా అతనిలో కాస్త పట్టుదల మిగిలి ఉండాలమ్మా. అదైనా ఉండనివ్వాల్సింది," అంది.

అలారం తీసేశాక ఇది తొమ్మిదో వారం. మందు మళ్ళీ మారింది. అయిదున్నరకు నేను తలుపు తీసేసరికి వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉంటాడు. నేను వచ్చానని వాడికి తెలుసు. లేవమని అడిగే మొహం నాకు లేదు.