వెనక వరస హన్నమ్మ

ఆరో బిందె తలకెత్తుకునేసరికి ఎండ చుర్రుమంటోంది. హన్నమ్మ బిందె కింది చుట్టగుడ్డ సర్దుకుని బోరింగు దగ్గర్నుంచి బయల్దేరింది. తిరువూరు బస్టాండు పక్కనున్న అంకారావు కాఫీ హోటలుకు రోజూ పాతిక బిందెలు పొయ్యాలి. అవన్నీ గ్లాసులు కడిగే తొట్టిలోకే. కాఫీలోకి నీళ్లు వేరే మనిషి తెస్తాడు. ఎందుకని ఇరవై ఏళ్లుగా ఆమె అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఇవాళ మాత్రం నడకలో హుషారుంది. బుధవారం. మూడింటికి టీచరమ్మ తన ఒక్కదాని డాన్సే కూర్చుని చూస్తానంది.

టీచరమ్మ అంటే సరోజినీదేవి. ఒకప్పుడు మద్రాసు సినిమాల్లో హీరోయిన్ వెనక మూడో వరసలో ఆడిన మనిషి. నాగేశ్వరమ్మగారి పెంకుటింటి వెనక గదిలో అద్దెకు దిగి, రికార్డు డాన్సు కంపెనీలో చేరబోయే ఐదుగురు ఆడపిల్లలకు అరబ్బు దేశాల నడుము డాన్సు నేర్పుతోంది. భుజాలు కదలకూడదు, నడుమొక్కటే తిరగాలి. ఆ పిల్లలకు అది చచ్చినా రాదు. నడుము తిప్పమంటే మనిషంతా గిర్రున తిరుగుతారు. నాలుగు నెలల కిందట నీళ్లు పొయ్యడానికి వెళ్లిన హన్నమ్మకు అది చూసి నవ్వాగలేదు.

"నువ్వు చేస్తావేంటి?" అంది టీచరమ్మ.

తలమీది బిందె దించకుండానే చేసింది హన్నమ్మ. టీచరమ్మ మెచ్చుకోలేదు. "వెనక నిలబడు" అంది, అంతే. ఆ రోజు నుంచి రోజుకో బిందె నీళ్లే ఫీజు. టీచరమ్మ ఆ నీళ్లే తాగేది.

మొగుడు బాలశౌరి పోయి పదిహేనేళ్లయింది. పిల్లల్లేరు. డాన్సు సంగతి తెలిశాక ఆదివారం చర్చిలో చాప మీద ఆమె పక్కన జాగా ఖాళీగా ఉంటోంది. దారిన పోయేవాళ్లందరి కళ్లూ బిందె మీదే. తనను ఒక్క మనిషి, ఒక్కసారి, మొదటి నుంచి చివరిదాకా చూస్తే చాలునని హన్నమ్మ కోరిక. ముప్పై తొమ్మిదేళ్లొచ్చాక ఇదేం పిచ్చి అని తనకే సిగ్గు.

కానీ నేర్చుకోవడంలో సిగ్గుపడలేదు. పిల్లలు కబుర్లాడుకుంటూ మూడుంబావుకి వచ్చేవాళ్లు. ఆమె రెండున్నరకే వెళ్లి, గది ఊడ్చి, నిన్నటి అడుగు ఒకసారి వేసుకునేది. "క్లాసు గంటే. మిగతాది నీ పనిలో నేర్చుకో. పక్కదాన్ని చూడొద్దు, నా మొహం చూడొద్దు, కాళ్లు చూడు. ఎవరు పిలిచినా తల తిప్పొద్దు" అనేది టీచరమ్మ దగ్గు మధ్యలో. హన్నమ్మ ఆ మాటలు అక్షరాలా పట్టుకుంది. బోరింగుకీ హోటలుకీ మధ్య దారంతా ఆమెకు క్లాసే.

ఒకే ఒక్కసారి చిన్నబోయింది. గజ్జెలు కుట్టిన ఎర్ర మఖమలు నడుముపట్టీ అందరూ వంతులవారీగా కట్టుకుంటుంటే తనూ చుట్టుకుంది. నాలుగు వేళ్ల మేర అందలేదు. పిల్లలు పడీపడీ నవ్వారు. టీచరమ్మ అటు తిరిగి రికార్డు మార్చుకుంటోంది.

బస్టాండులో పదకొండు గంటల బెజవాడ బస్సు రొద పెడుతోంది. హన్నమ్మ దాని పక్కనుంచి పోతోంది.

"హన్నమ్మా!"

ఆ రొదలో ఎవరి గొంతో తెలియలేదు. పనీపాటా లేని కుర్రాళ్లు ఈమధ్య అలాగే ఏడిపిస్తున్నారు. మళ్లీ పిలిచారు. హన్నమ్మకు ఒళ్లు మండింది. చూడండ్రా చూడండి అనుకుని భుజాలు నిలబెట్టి, మూడింటికి చేయబోయే అడుగే వేసుకుంటూ పోయింది. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

రెండున్నరకు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, బిందెతో వెళ్లింది. గది తలుపు తీసే ఉంది. లోపల మంచం లేదు, పెట్టె లేదు, గ్రామఫోను లేదు. నాగేశ్వరమ్మ నేల కడిగిస్తోంది.

"టీచరమ్మేదండీ అమ్మగారూ?"

"ఇంకెక్కడి టీచరమ్మే! రాత్రి నెత్తురు కక్కింది. మద్రాసులో చెల్లెలి దగ్గరికి పోతానంటే పొద్దున నేనే బస్సెక్కించొచ్చా. ఇక రాదంట."

హన్నమ్మ గ్రామఫోను ఉండే మూల వైపు చూసింది.

"నిన్ను రెండుసార్లు కేకేసింది. నువ్వు తిరిగితేగా! నేను పిలవబోతే, వద్దండీ, నడవనివ్వండి, నీళ్లు తొణుకుతాయి అంది. నువ్వు హోటల్లోకి పోయిందాకా కిటికీలోంచి నిన్నే చూస్తా కూర్చుంది."

హన్నమ్మ బిందె దించింది. నాలుగు నెలల్లో మొదటిసారి నీళ్లు ఒలికి చీర తడిసింది. ఒక్కసారి తల తిప్పి ఉంటే! తిప్పి ఉంటే ఆ నడక ఉండేది కాదు. ఆమె గోడకానుకుని ఏడ్చింది.

"నీకిమ్మని అదుగో, ఆ మేకుకి తగిలించిపోయింది" అంది నాగేశ్వరమ్మ మెల్లిగా.

మేకుకి ఎర్ర నడుముపట్టీ వేలాడుతోంది. దాని చివర నాలుగు వేళ్ల వెడల్పున పాత ఆకుపచ్చ చీర ముక్క అతికి ఉంది. మూడు వైపులా కుట్టు పూర్తయింది, నాలుగో వైపు సగంలో దారంతో సహా సూది గుచ్చి ఉంది.