డన్‌గారో అంటే ఎవరు

స్కాట్లాండ్ కొండల్లో ఆ రోజుల్లో దొరగారికి సొంత పేరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఏ భూమి ఏలితే ఆ భూమి పేరే పిలుపు. తాత డన్‌గారో, తండ్రి డన్‌గారో, నలభై ఏళ్లుగా ఈ ముసలాయనా డన్‌గారోనే. కట్టుకున్న పెళ్లాం మారియన్ కూడా అలాగే పిలిచేది. ఇంకేం చెప్పను!

ఇవాళ ఆ భూమి వదులుకోవాలి. ఆ నేలమీదే నిలబడి, అల్లుడి చేతిలో ఇంత మట్టీ ఒక రాయీ పెడితే చాలు, భూమి చేతులు మారిపోయినట్టే. అల్లుడంటే ఎవరనుకున్నారు? పక్క టార్‌క్రెయిగ్ దొర చిన్నకొడుకు గావిన్. చలికాలం పొయ్యిలోకి కట్టెలకు బదులు మట్టిగడ్డలు తవ్వుకునే బురదనేల కోసం ఆ ఇంటికీ ఈ ఇంటికీ తరతరాల పగ. ఖర్మ కాకపోతే బురద కోసం చస్తారా? తాత పోయాడు, తండ్రి పోయాడు, కిందటి చలికాలం కొడుకులిద్దరూ పోయారు. మిగిలింది కూతురు యూఫెమ్. ఆ పిల్లనీ భూమినీ ఇచ్చేస్తేనే పగ ఆగుతుందని పెద్దలు తేల్చారు. ముసలాయనకి కోపం కూడా రాలేదు. విసిగిపోయాడు, అంతే.

పత్రాలు రాసే నోటరీ వాకిట్లోనే వంగి మట్టి తీయబోయాడు.

"అక్కడ కాదయ్యా. బురదనేలకి పదండి," అన్నాడు ముసలాయన.

"గుమ్మం దిగడానికే మీకు మోకాళ్లు వంగట్లేదు, అంత దూరం ఎందుకండీ?" అంది మారియన్.

"ఎందుకో నీకు తెలీదూ?"

తుంపరలో తడుస్తూ అందరూ వెళ్లారు. కొడుకులు పడిపోయిన చోట ఆయనే కూలబడి, నల్లమట్టి తవ్వి, రాయితో సహా గావిన్ చేతిలో పెట్టాడు.

"నా పిల్లల నెత్తురు తాగిన మట్టిరా ఇది. నా కూతురి కంట తడి పెట్టించకు."

"పెట్టించను మామయ్యా," అన్నాడు గావిన్, తల ఎత్తలేక.

పని అయిపోయింది. "డన్‌గారో, ఇక బయల్దేరదామా?" అని కేకేశాడు నోటరీ.

"ఆఁ, వస్తున్నా," అన్నాడు ముసలాయన, ఉన్నచోటి నుంచే.

నోటరీ నాలిక కరుచుకున్నాడు. "తమర్ని కాదండీ... చిన్నదొరగారిని."

ఎవడో కిసుక్కుమన్నాడు. అందరూ కొత్త డన్‌గారో వెంట గుర్రాల దగ్గరికి నడిచారు.

మారియన్ ఒక్కతే ఆగింది. పిలవబోయి నోరు తెరిచి, ఏమని పిలవాలో తోచక నిలబడిపోయింది పాపం. చివరికి చెయ్యి చాచింది.

"నినియన్," అంది, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ. "లేవండి, తడిసిపోతున్నారు."

తల్లి పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదాయన. ఎవరిని పిలుస్తోందా అని వెనక్కి తిరిగి చూశాడు.