మిగులు మందు

ఎనిమిదేళ్ల ఆ పిల్లను ఇంట్లో అందరూ రేడియో అనే పిలిచేవారు. కళ్లు తెరిచింది మొదలు నిద్రపోయేదాకా నోటికి విరామం ఉండదు. అలాంటిది ఆ రోజు పొద్దెక్కి చాలాసేపయినా ఒక్క మాట లేదు. మిషను తొక్కుతున్న తల్లి కాలు దానంతటదే ఆగిపోయింది.

ముందుగదే వాళ్ల కుట్టు దుకాణం. కిటికీ పక్క కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు, మూలన ముక్కల సంచి. అత్త కత్తిరిస్తుంది, కోడలు కుడుతుంది. బెత్తెడు గుడ్డ కూడా ఆ గడప దాటదు. ఇవాళ కాకపోతే రేపు, జేబుకో కాలరుకో పనికొస్తుంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి మిషనెక్కిన కోడలికి పుస్తకాల్లో చదివింది చాలావరకు మరుపున పడింది గానీ, ఈ పాఠం మాత్రం వేళ్లలోకి ఎక్కిపోయింది.

పిల్ల గోడకానుకుని, తల ఒక పక్కకు వాల్చి కూర్చుంది. గడ్డం కింద చేతిగుడ్డ. అది తడిసి ముద్దయింది.

"ఏమే, చొంగ కారుస్తున్నావేం? మింగవే."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నొప్పమ్మా," అంది. ఆ గొంతు పిల్లది కాదు. నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది.

"నిన్నంతా చల్లనీళ్లు తాగింది కదూ. ఉప్పునీళ్లు పుక్కిలించమను, అదే పోతుంది," అంది అత్త, కత్తెర ఆపకుండా.

తల్లి పిల్ల దవడ పట్టుకుంది. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. ఒళ్లు కాలిపోతోంది.

"పుక్కిలించడానికి నోరు తెరవాలి కదా అత్తయ్యా!"

కత్తెర ఆగింది.

తల్లి వంటింట్లోకి పరుగెత్తి ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో, పచ్చడి సీసా వెనకాల మందు సీసా. మూడు వారాల కిందట గొంతునొప్పికి డాక్టరమ్మ పది రోజులకని రాసింది. నాలుగో రోజుకే జ్వరం పోయింది, రేడియో మళ్లీ మోగింది. తగ్గిన పిల్లకి మందెందుకని, సగానికి పైగా ఉన్న సీసాకి మూత బిగించి దాచింది. ఇంకోసారికి ఉంటుందిలే అనుకుంది. మొన్న మళ్లీ నొప్పి అనగానే అదే సీసాలోంచి రెండు రోజులు పోసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడా సీసాను సంచిలో పడేసుకుని, పిల్లను భుజాన వేసుకుంది. అత్త మెడలో కొలత టేపు వేలాడుతుండగానే వాళ్ల వెనకాల నడిచింది. ఆసుపత్రి మూడు వీధుల అవతల. దారి పొడుగునా పిల్ల ఊపిరి చెవిలో గురగురమంటుంటే, తల్లి ఒక్కో ఊపిరినీ లెక్కపెట్టుకుంటూ నడిచింది.

ఆసుపత్రిలో బల్లల మీద పదిమంది ఉన్నారు. నర్సు పిల్ల గడ్డం వంక ఒక్క చూపు చూసి, "మీరు లోపలికి రండి," అంది. ఎవరూ కాదనలేదు.

డాక్టరమ్మ టార్చి వేసి, పళ్ల సందులోంచి ఓపిగ్గా చూసింది. "ఎడమ టాన్సిల్ వెనకాల చీము పట్టింది. కొండనాలుక కుడివైపుకి జరిగిపోయింది చూశారా? అందుకే మింగలేకపోతోంది. అది ఇంకా వాస్తే ఊపిరికి అడ్డం పడుతుంది." టార్చి ఆర్పి అడిగింది. "పోయినసారి రాసిన మందు పూర్తిగా వేశారా?"

"పది రోజులూ వేసిందమ్మా," అంది అత్త వెంటనే. "మా కోడలు కొలతంటే కొలతే. పావంగుళం తేడా రానివ్వదు."

తొమ్మిదేళ్ల కాపురంలో అత్త తనను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అదీ నలుగురిలో.

డాక్టరమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. "అంత మందూ పడ్డాక కూడా ఇలా అయిందంటే, దానికి రోగం లొంగలేదన్నమాట. అయితే మందు మార్చాలి, లెక్కంతా వేరే..."

పెన్ను కదిలింది. తల్లి సంచిలో చెయ్యి పెట్టింది. సీసా చల్లగా తగిలింది.

"వెయ్యలేదమ్మా!"

పెన్ను ఆగింది. తల్లి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "నాలుగు రోజులే వేశాను. తగ్గింది కదాని దాచాను. మొన్న, నిన్న ఇందులోదే పోశాను. తప్పంతా నాదే."

అత్త కోడలి వంక చూసింది. మెడలోని కొలత టేపు తీసి వేలికి చుట్టసాగింది.

డాక్టరమ్మ కాగితం మీద రాసింది కొట్టేసింది. "ఇప్పుడైనా చెప్పావు, అదే మేలు. చూడమ్మా, మామూలు జలుబుతో వచ్చే గొంతునొప్పికి ఈ మందే అక్కర్లేదు. ఉప్పునీళ్లు, గోరువెచ్చని పానీయాలు, విశ్రాంతి చాలు. ఇది ఆ రకం కాదు. జ్వరం పోయినా లోపల క్రిములు మిగిలే ఉంటాయి. నీళ్లు కలిపిన మందు ఇన్నాళ్లు ఉంటే దాని బలమూ పోతుంది. సరే, పిల్లను గట్టిగా పట్టుకో."

మొద్దుబార్చే మందు కొట్టి, సూదితో చీము లాగారు. పిల్ల కాళ్లు తన్నుకుంటుంటే అత్త రెండు మడమలూ ఒడిసి పట్టుకుంది. తల్లి మాత్రం పిల్ల గొంతు మీంచి చూపు తిప్పలేదు.

చేతికి సూది గుచ్చి మందు ఎక్కించడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం నర్సు గ్లాసులో నీళ్లు తెచ్చింది. పిల్ల భయపడుతూ ఒక గుక్క నోట్లోకి తీసుకుంది. గొంతు కిందికీ పైకీ కదిలింది. దిగింది. తల్లికి అప్పుడు ఏడుపొచ్చింది.

అత్త సీసా అందుకుంది. "ముక్కల సంచి చూపించి దాచడం నేర్పింది నేనే కదా," అని గొణిగి, వెళ్లి చెత్తబుట్టలో వేయబోయింది.

"నానమ్మా," అంది పిల్ల బొంగురుగా, "ఆ మూత నాకు దాచవా? బొమ్మకి టోపీ అవుతుంది."

"మూత కూడా వద్దు, నోర్ముయ్యి!" అంది అత్త. వెంటనే నాలిక కరుచుకుంది. "కాదు కాదు. మాట్లాడు తల్లీ, మాట్లాడు."