ఫోటో పెండ్లాం

వనపర్తిలోని మద్యం మాన్పించే శిక్షణ కేంద్రానికి ఈదమ్మ పత్తి ఏరే కూలి మానుకుని వచ్చింది. కొత్తకోట దగ్గర తాగి డీసీఎం వ్యాను నడుపుతూ పట్టుబడిన ఆమె భర్త గోపిని, జైలుకు పంపే బదులు, సర్కారు లైసెన్సున్న చోట భార్యతో కలిసి క్లాసులు విని కాయితం తెమ్మన్నారు జడ్జి. పొద్దున బస్సులో గోపి, "ఎట్ల మానాల్నో చెప్తరట. చెప్తే మానేస్తనే" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఈదమ్మ బస్సు దిగింది.

గోడకు అద్దం పటంలో లైసెన్సు. దాని పక్కన, పాఠం చెప్పే పద్మజ మేడం ఫోటో. ఎదురుగా ఓ బ్యానరు, దాని కింద కుర్చీలు.

"జంటలు జంటలుగ కూసోండ్రి. ఫోటో దిగితే అయిపాయె," అన్నాడు కేంద్రం నడిపే రాఘవేందర్.

"పాఠం సార్?" అంది ఈదమ్మ.

"రేపటిసంది తాగొద్దు. ఇదే పాఠమమ్మా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఈదమ్మకు ఒళ్లు మండింది.

"గిది జెప్పనీకె సర్కారు లైసెన్సు గావాల్నా? మా అత్త పదేండ్లసంది జెప్తనే ఉంది! గా పద్మజ మేడం ఏది?"

"ఆమె హైదరాబాద్‌ల ఉంటది. లైసెన్సిచ్చిన ఆఫీసర్లు ఫ్యాన్లు, కుర్చీలు చూసి పోయిన్రు. వాళ్లే అడగలే, నువ్వెవరు అడగనీకె?"

"తాగొచ్చినోని వాంతులు ఎత్తిపోసేదాన్ని. నేనడగక ఎవరడుగుతరు? మేడం వచ్చి పాఠం జెప్పేదాంక నేను ఫోటోకు రాను."

పక్కన భార్య లేని ఫోటోతో ఇచ్చే కాయితం కోర్టులో చెల్లదు. రాఘవేందర్ లోపలికి కేకేశాడు. "నర్సమ్మా! చీపురు ఆడవెట్టి రా. కొంగు నెత్తిమీద గప్పుకొని ఈయన పక్కన కూసో."

నర్సమ్మ చీపురుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. "మల్ల నేనేనా సార్? మొన్న తెలకపల్లాయనకు పెండ్లాన్నైతి, నిన్న అయిజ ఊరాయనకు. ఇంకెంతమందికి గావాలె?"

గది గొల్లుమంది. గోపి నవ్వలేదు. కుర్చీలోంచి లేచాడు.

"సార్, గిట్లనే కాయితమిస్తే బస్టాండుకాడి వైన్ షాపు దాటలేను నేను," అన్నాడు తలెత్తకుండా.

"కాయితం లేకుంటే జైలుకు పోతవ్."

"పోతే పోనీ," అంది ఈదమ్మ. "ఆడ పాఠం లేకున్నా, మందన్న దొరకదు. నడువయ్యా, కోర్టు మూయకముందే జడ్జి సారుకు ఈ క్లాసు సంగతి చెప్దాం. నర్సమ్మా, నువ్వూ రా. ఎంతమందికి పెండ్లానివైనవో నీ నోటితోనే చెప్పు."

నర్సమ్మ చీపురును బ్యానరు కింది కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల వెనకే మెట్లు దిగింది.